రెండో టికెట్టు

ఆ వేసవిలో ఒకే మోటారు నా చేతిలో రెండుసార్లు కాలిపోయింది. అంతకుముందు నలభై ఏళ్ళ పనిలో నేను చుట్టిన మోటారు తిరిగి నా దగ్గరికి వచ్చిందే లేదు.

నాది వైండింగ్ పని. కాలిన మోటారులోంచి పాత తీగ పీకేసి, కొత్త రాగి తీగ చుట్టలుగా చుట్టి, గాడుల్లో పేర్చి, వార్నిష్ పోసి ఆరబెట్టాలి. ఒక్కో చుట్టలో తీగ ఎన్నిసార్లు తిరగాలో అన్నిసార్లే తిరగాలి. తక్కువైతే మోటారు కరెంటు ఎక్కువ తాగుతుంది, వేడెక్కుతుంది, కాలుతుంది. అందుకని లెక్కే అసలు పని. ఇప్పుడు లెక్క చూపించే మరలు వచ్చాయి. నేను మాత్రం నోట్లోనే లెక్కపెట్టేవాణ్ణి. లెక్కలో ఉన్నప్పుడు ఎవరేమడిగినా "ఊఁ" అనేవాణ్ణి. అది జవాబు కాదు. అవతలివాడు మళ్ళీ అడగకుండా ఉండడానికి.

దుకాణం కింద, ఇల్లు మేడమీద. దుకాణంలో నాతోపాటు మా బావమరిది ఉండేవాడు. నా భార్యకి ఒక్కడే తమ్ముడు. నేను మాట్లాడాల్సినవి కూడా వాడే మాట్లాడేవాడు. ఒకసారి నేను లెక్కలో ఉండగా, "బావా, నీ సైకిలు మా స్నేహితుడికి ఇచ్చెయ్యనా, పెళ్ళి చేసుకుంటున్నాడు" అన్నాడు. "ఊఁ" అన్నాను. సాయంత్రం చూస్తే గోడ దగ్గర సైకిలు లేదు. అప్పటినుంచి దుకాణానికి ఎవరొచ్చినా వాడు ముందే చెప్పేవాడు. "మా బావ ఊఁ అన్నాడంటే మీ మాట విన్నాడని కాదండీ. ఇంకా ఊపిరాడుతోందని."

ఆ సంగతి తెలియనివాడు నాకు పంపుహౌసులో తగిలాడు.

మా ఊరికి నీళ్ళు తోడే పంపుహౌసు బస్సులో మూడు గంటల దూరం. పెద్ద రిజర్వాయరు గట్టు మీద ఒంటిగది. మోటారు కాలిందని కబురొచ్చింది. అది ఇద్దరు ముగ్గురు ఎత్తే బరువు కాదు, కాబట్టి తీగా సామానూ నేనే మోసుకుని వెళ్ళాను. ఇంజినీరు కుర్రతనం పోని మనిషి. తాళం తీసి, "మీరు పని చూడండి మేస్త్రీ, నేను టీ పట్టుకొస్తాను" అని వెళ్ళాడు.

గోడలు చెమ్మగా ఉన్నాయి. మూల ఒక ఇనప మంచం. దాని పైన మేకుకి ఖాకీ చొక్కా, జేబులో దువ్వెన. నేను కిటికీ దగ్గర కూర్చుని చేతిమర తిప్పడం మొదలుపెట్టాను. మిట్టమధ్యాహ్నం. నలభై ఐదు, నలభై ఆరు.

"మేస్త్రీ, వెళ్ళేటప్పుడు నన్నూ తీసుకెళ్తారా?"

మంచం వైపునుంచి. చాలా మర్యాదగా అడిగాడు.

"ఊఁ" అన్నాను. నలభై ఏడు.

"నిజంగానా?"

"ఊఁ." నలభై ఎనిమిది.

అరవై నాలుగు దగ్గర తీగ తెంపి వెనక్కి చూశాను. మంచం మీద ఎవరూ లేరు. మేకుకి చొక్కా కూడా లేదు.

ఇంజినీరు టీతో వచ్చాక అడిగాను. "ఇక్కడ ఆపరేటరు ఎవరు?"

"ఇప్పుడెవరూ లేరు మేస్త్రీ. అంతా దానంతటదే నడుస్తుంది. ఇదివరకు ఒకాయన ఉండేవాడు. ఎనిమిదేళ్ళు ఒక్కడే. వచ్చినవాళ్ళందరినీ బదిలీ చేయించమని అడిగేవాడట. చివరికి కాగితం వచ్చింది. తీసుకొచ్చి చూస్తే అప్పటికే ఆ మంచం మీద పోయి నాలుగు రోజులైంది." గ్లాసు నా చేతికిచ్చాడు. "ఏం, ఏమైనా కనిపించిందా?"

"లేదు" అన్నాను. అబద్ధం కాదు, మనిషి కనిపించలేదు.

తిరుగు బస్సులో కండక్టరు నా దగ్గర ఆగి రెండు టికెట్లు చింపాడు.

"ఒకటే" అన్నాను.

"మరి ఆయనకి?" కిటికీ పక్క సీటువైపు గడ్డం చూపించాడు. సీటు ఖాళీ. "మీతోనే ఎక్కాడు కదా."

"నేనొక్కణ్ణే."

కండక్టరు కాసేపు అటే చూశాడు. "సరేలెండి, లేచాక ఆయన్నే అడుగుతాను. నిద్రలో ఉన్నట్టున్నాడు."

ఆ బస్సు కిక్కిరిసి ఉంది. ఒకావిడ బిడ్డని చంకనేసుకుని నా పక్కన గంటసేపు నిలబడింది. సీటు వంక రెండుసార్లు చూసింది, కూర్చోలేదు. నేను "కూర్చో అమ్మా" అన్నాను. "ఆయన జరిగితే కదా" అంది.

సగం దారిలో టైరు పగిలింది. ఇంకో బస్సు ఎక్కితే అది వేరే ఊరికి పోయింది. మూడో బస్సు ఇంజిను పొగలు కక్కి నిలబడింది. మూడు గంటల దారికి తొమ్మిది గంటలు పట్టింది. ఇల్లు చేరాక నా భార్య తలుపు తీసి, నా భుజం మీదుగా మెట్లవైపు చూసి, మళ్ళీ నన్ను చూసింది. ఏమీ అడగలేదు. నేనూ ఏమీ చెప్పలేదు. మా ఇంట్లో అదే మామూలు. పెళ్ళైన కొత్తలో ఆవిడ రోజంతా మాట్లాడేది. వినేవాణ్ణి. ఎన్నేళ్ళని ఒక్క మనిషే మాట్లాడుతుంది. అలా అలా ఆవిడా మానేసింది.

నాలుగో రోజుకి మోటారు కాలిపోయింది. ఊళ్ళో కుళాయిలు ఆగిపోయాయి. బిందెలతో జనం మా దుకాణం ముందుకొచ్చి నిలబడ్డారు. మా బావమరిది వాళ్ళతో, "మా బావ చుట్టినదాంట్లో లోపం ఉండదమ్మా, కరెంటే పిచ్చిదైంది" అని చెప్పి పంపించాడు. నేను మళ్ళీ వెళ్ళాను.

ఈసారి వెళ్ళేటప్పుడే అన్నీ మొదలయ్యాయి. సామాను సంచి ఒక బస్సులో, నేను ఇంకో బస్సులో. టీ బండివాడు అడక్కుండానే రెండు గ్లాసులు పెట్టాడు. సంచి దొరికేసరికి పొద్దుగూకింది, లాడ్జిలో ఉండాల్సి వచ్చింది. లాడ్జివాడు నా ముఖం చూసి, "రెండు మంచాలున్న గది లేదు, ఇద్దరూ సర్దుకుంటారా?" అన్నాడు. నేను తలూపాను. అప్పటికి కాదని చెప్పీ చెప్పీ విసుగొచ్చేసింది.

పంపుహౌసులో మర తిప్పుతుంటే నాకు ఒకటి తెలిసింది. నేను ఇరవై తొమ్మిది అనుకునేలోపు చెవి పక్కన ఎవరో ముప్పై అంటున్నారు. సాయం చేస్తున్నట్టు. నా నోరు దాన్ని అందుకుని ముప్పై ఒకటి అనేది. ఎన్నిసార్లు అలా జరిగిందో నాకే తెలియదు.

అదీ కాలిపోయింది. కాలిన చుట్టలు దుకాణానికి తెచ్చి విప్పాం. మా బావమరిది ఒక్కోటీ లెక్కపెట్టాడు.

"బావా, అరవై నాలుగు చుట్టాలి కదా?"

"అరవై నాలుగే చుట్టాను."

"ఇందులో అరవై ఉన్నాయి. దీంట్లోనూ అరవయ్యే. ఆ నాలుగూ దారిలో నమిలేశావా ఏంటి?" నవ్వాడు గాని కళ్ళు నవ్వలేదు. "డాక్టరుకి చూపించుకుందాం పద. లెక్క పోతే ఇక మన దుకాణంలో మిగిలేది నా నోరే."

మూడోసారి వెళ్ళేముందు నాకు అన్నం సయించలేదు. కాని ఆ ప్రయాణంలో ఏమీ జరగలేదు. బస్సు వేళకి వచ్చింది. కండక్టరు ఒక్క టికెట్టు చింపాడు. పక్క సీట్లో ఒక ముసలాయన కూర్చుని దారంతా తన మోకాళ్ళనొప్పి గురించి చెప్పాడు. నాకెంత హాయిగా ఉందో చెప్పలేను. పంపుహౌసులో చెవి పక్కన ఎవరూ లేరు. ప్రతి చుట్టా అరవై నాలుగు. మోటారు వేస్తే సన్నగా, ఒకే తీరుగా తిరిగింది. నన్ను వదిలేశాడు అనుకున్నాను.

మర్నాడు దుకాణంలో మా బావమరిది వార్నిష్ డబ్బా కలుపుతూ నావైపు చూసి ముసిముసిగా నవ్వుతున్నాడు.

"ఏంటి?" అన్నాను.

"ఏమీ లేదు. ఈ వయసులో మాటలు నేర్చుకున్నావు, సంతోషం."

"ఏం మాటలు?"

"నా దగ్గర దాచకు బావా. నిన్న సాయంత్రం స్క్రూడ్రైవరు కోసం పైకొచ్చాను. మెట్ల మీదే ఆగిపోయాను. నువ్వు లోపల ఏదో చెప్తున్నావు, మా అక్క పడీ పడీ నవ్వుతోంది. అక్క నవ్వు విని ఎన్నేళ్ళైందో. మొగుడూ పెళ్ళాల మధ్య మనమెందుకని దిగిపోయాను."

"నిన్న సాయంత్రం నేను పంపుహౌసులో ఉన్నాను."

వాడు పుల్ల తిప్పడం ఆపాడు. "అవును" అన్నాడు. "దుకాణం తాళాలు నాకే ఇచ్చి వెళ్ళావు."

ఆ రోజంతా వాడు ఇంక నోరు విప్పలేదు. వాడు మాట్లాడకుండా ఉండడం నేను చూసింది అదొక్కరోజే.

బస్సులో నా పక్కన ఎందుకు ఖాళీ లేదో అప్పుడు తెలిసింది. నన్ను వదలలేదు. ఇంట్లో దిగిపోయాడు.

తర్వాత వారం రోజులు నా భార్యని చూస్తూ గడిపాను. తల దువ్వుకునేది. పని చేసుకుంటూ తనలో తాను నవ్వుకునేది. నేను లోపలికి రాగానే ఆ నవ్వు ఎక్కడో పెట్టేసి, "తింటావా?" అనేది. పరాయి మనిషి ఇంట్లో ఉన్నట్టు, ఆ పరాయి మనిషి నేనే అయినట్టు ఉండేది. ఎవరితోనైనా గొడవపడొచ్చు. దీని గురించి ఎవరితో గొడవపడను.

ఒకరోజు దుకాణంలో ఉంటానని చెప్పి, చెప్పులు కింద వదిలేసి పైకి వెళ్ళాను. సాయంత్రం నాలుగున్నర. వంటింటి తలుపు ఓరగా వేసి ఉంది. ఆవిడ కూరగాయలు తరుగుతున్న చప్పుడు. దాని వెనక ఒక మగగొంతు.

నా గొంతే. ఆ గరగర నాదే. కాని నేను ఎప్పుడూ అన్ని మాటలు కలిపి అనలేదు. ఎవరో నా చొక్కా వేసుకుని నాకంటే బాగా నడుస్తున్నట్టు ఉంది. ఏం చెప్తున్నాడో వినబడలేదు. మధ్యలో ఆగాడు. ఆవిడ కత్తిపీట ఆపి, "చెప్పు, తర్వాత?" అంది. ముప్పై నాలుగేళ్ళలో ఆవిడ నన్ను ఆ మాట అడగలేదు. అలా అడిగేటట్టు నేనెప్పుడూ ఏదీ మొదలుపెట్టలేదు.

తలుపు తోశాను. ఆవిడ ఒక్కతే ఉంది. ఆవిడ ఎదురుగా పీట వేసి ఉంది.

"త్వరగా వచ్చావే" అంది, పీట తీసి గోడకి ఆనిస్తూ.

ఆ రాత్రి తినేటప్పుడు గోడవైపు చూసి గట్టిగా అన్నాను. "రేపు పొద్దున పంపుహౌసుకి వెళ్తున్నాను. నువ్వూ రావాలి."

నా భార్య తలెత్తలేదు. "నాకా చెప్తున్నావు?" అనికూడా అడగలేదు.

మోటారు బాగానే తిరుగుతోంది. వెళ్ళాల్సిన పని లేదు. పొద్దున నేను సామాను సంచి తీసుకోకుండా బయల్దేరుతుంటే ఆవిడ వాకిట్లోకి వచ్చింది. భోజనం డబ్బా చేతికిచ్చింది. తర్వాత ఇంకోటి ఇచ్చింది. రెండోదానికి మూత ఊడకుండా గుడ్డ కట్టి ఉంది. నేను దాని వంక చూశాను. ఆవిడ నా వంక చూసింది. తీసుకుని మెట్లు దిగాను.

కండక్టరు నోరు తెరిచేలోపు "రెండు" అన్నాను.

ఆ రోజు దారి పెట్టని కష్టం లేదు. బస్సు రెండుసార్లు ఆగింది. గొర్రెల మంద ఒకటి అడ్డం పడి కదలనంది. ఏదో పైపు పగిలి రోడ్డు మూసేశారు, చుట్టూ తిరిగి వెళ్ళాం. చివరికి నాలుగు కిలోమీటర్లు ఉందనగా డ్రైవరు చేతులెత్తేశాడు. దిగి గట్టు వెంట నడిచాను. ఎండ. మనిషి అలికిడి లేదు. నేను ఆగితే నా అడుగు తర్వాత ఇంకో అడుగు పడి ఆగేది. రానని మొండికేస్తున్నవాణ్ణి చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నట్టు, ఒకటి రెండుసార్లు "పద, పద" అన్నాను కూడా.

ఇంజినీరు దగ్గర తాళం అడిగితే, "నీళ్ళు వస్తున్నాయి కదా మేస్త్రీ" అన్నాడు.

"ఒకసారి చూసి వెళ్దామని."

"మీలాంటి పనివాళ్ళు ఇప్పుడు లేరండీ" అని తాళం ఇచ్చాడు.

లోపలికి వెళ్ళి తలుపు చేరవేశాను. మోటారు తిరుగుతోంది. "కూర్చో" అన్నాను. మంచం కిర్రుమంది.

చెప్పాల్సింది దారంతా పోగుచేసుకున్నాను. "నేను లెక్కలో ఉన్నప్పుడు ఊఁ అంటాను. అది మాటివ్వడం కాదు. మా దగ్గర అందరికీ తెలుసు. నీకు తెలియదు. తప్పు నాదే. మీ ఊరెక్కడో చెప్పు. ఎంత దూరమైనా తీసుకెళ్ళి దింపుతాను."

నా గొంతు మంచం మీదనుంచి అంది.

"అక్కడ నా మాట వినేవాళ్ళు లేరు."

"ఆవిడ నా భార్య."

"తెలుసు. మీకు అక్కర్లేదేమో అనుకున్నాను."

వెక్కిరింపు కాదు. ఖాళీ సీటు చూసి కూర్చోవచ్చా అని అడిగినట్టు అన్నాడు. గుడ్డ కట్టిన డబ్బా స్టూలు మీద పెట్టాను. బయటికి వచ్చి తాళం వేసేటప్పుడు సందులోంచి చూస్తే, మేకుకి ఖాకీ చొక్కా వేలాడుతోంది. ఎనిమిదేళ్ళు బతిమాలినవాణ్ణి మళ్ళీ అక్కడే పెట్టి తాళం వేశాను. ఆ పని నేను చేశాను. ఎవరిమీదా తొయ్యను.

తిరుగు బస్సులో పక్క సీట్లో ఒక లావుపాటావిడ గంపతో సహా కూలబడి, నా భుజం మీద తల వాల్చి గురక పెట్టింది. మూడు గంటల్లో ఇంట్లో ఉన్నాను.

నా భార్య స్టవ్వు ముందు అటు తిరిగి నిలబడి ఉంది.

"దింపేసి వచ్చావా?" అంది.

నేను గడపమీదే ఆగిపోయాను. "నీకు తెలుసా?"

"మొదటి రోజే. నన్ను పేరుపెట్టి పిలిచాడు. నువ్వెప్పుడైనా పిలిచావా? ఇదిగో, ఇదిగో అంటేనే తల నెరిసిపోయింది నాకు."

"భయం వెయ్యలేదా?"

"వేసింది. రెండు రోజులు." గరిటె తిప్పింది. "మూడో రోజు ఎప్పుడొస్తాడా అని చూశాను."

ఆవిడకి నా మాట కోసం ఆగే అలవాటు లేదు, చెప్పుకుపోయింది.

"తన సంగతి ఒక్క ముక్క చెప్పలేదయ్యా పాపం. అన్నీ నీవే. నువ్వెక్కడ దాచావో, ఎక్కడ పట్టుకున్నాడో. కరెంటు స్తంభం ఎక్కి దిగడం రాక మధ్యాహ్నందాకా అక్కడే ఉన్నావట కదా. నవ్వలేక చచ్చాను. నిన్నటిది మాత్రం నవ్వొచ్చేది కాదు. మధ్యలో ఆపేశాడు."

"ఏది?"

"నీ బడి సంగతి. మూడో తరగతిలో పంతులు నిన్ను లేపి, పిల్లలెంతమందో లెక్కపెట్టమన్నాడట. ఇరవై ఏడుమంది ఉంటే నువ్వు ఇరవై ఎనిమిది అన్నావట. మళ్ళీ లెక్కపెట్టమంటే మళ్ళీ ఇరవై ఎనిమిదే. బెత్తం విరిగినా ఇరవై ఎనిమిదే అన్నావట. పలక అక్కడే వదిలేసి వచ్చేశావు, మళ్ళీ వెళ్ళలేదు. అక్కడికి ఆపాడు. తర్వాత అంటే, ఇక మిగిలింది నేను చెప్పేది కాదన్నాడు." ఇప్పుడు నావైపు తిరిగింది. "లెక్క తప్పావా?"

గిన్నెలో ఏదో ఉడుకుతోంది. నేను దాన్నే చూస్తూ నిలబడ్డాను. ఊరుకుంటే ఆవిడ ఇంకో నిమిషంలో "తింటావా?" అంటుంది. ఆ తర్వాత ఇంక ఎప్పుడూ ఏదీ అడగదు. అది నాకు తెలుసు.

"తప్పలేదు" అన్నాను.

"మరి ఇరవై ఎనిమిదో పిల్లాడెవడు?"

"పిల్లాడు కాదు." గడప దాటి లోపలికి వచ్చాను. మళ్ళీ మొదలుపెట్టాను. "వెనక బల్ల మీద, చివర్న కూర్చుంది. తడి గౌనుతో. మా చెల్లెలు."

ఆవిడ స్టవ్వు ఆపేసింది.

"నీకు చెల్లెలుందా?"

"అప్పటికే పోయి నెలైంది."

ఆవిడ గోడకి ఆనించిన పీట తెచ్చి నా ముందు వేసింది. నేను కూర్చున్నాక, తను కింద నేలమీద, నా మోకాళ్ళకి ఎదురుగా కూర్చుంది.

"పేరేంటి?" అంది.

చెప్పాను.